పెరటి ప్రశ్నలు: మల్లెను కొట్టాలి, మామిడిని ముట్టకూడదు

ప్రశ్న: మా మల్లెకు నాలుగేళ్లు. నేలలోనే ఉంది. గోడెక్కి ఏపుగా పాకింది గానీ, పోయిన వేసవిలో దోసెడు పూలు కూడా ఇవ్వలేదు. రోజూ నీళ్లు పోస్తున్నాం, నెలకోసారి యూరియా వేస్తున్నాం. లోపం ఎక్కడుంది?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: ఆ నీళ్లలోనూ, యూరియాలోనూ ఉందండి. మల్లె మొగ్గ తొడిగేది కొత్త చిగురు కొసన. ఏడాది పొడుగునా తడీ నత్రజనీ అందుతుంటే చెట్టు ఆకు పెంచుకుంటూ పోతుందే తప్ప పూతకు రాదు. చలికాలంలో దాన్ని కొన్నాళ్లు ఎండబెట్టి, కొమ్మ కొడితేనే మార్చి నుంచి పూలు.

నవంబరు ఆఖరి వారం నుంచి డిసెంబరు ముగిసేలోపల ఈ పని అయిపోవాలి. ముందు పది, పదిహేను రోజులు నీళ్లు పూర్తిగా ఆపండి. ఆకు వాడుముఖం పట్టగానే చేత్తో దూసేయండి. ఆకు ఊడిన చోట ఎదురెదురుగా రెండు చిన్న బొడిపెలు కనిపిస్తాయి, ఆవగింజంత. రేపటి చిగుళ్లు వచ్చేది వాటి నుంచే. నేల నుంచి అడుగున్నర ఎత్తున, అలాంటి బొడిపెల జతకు పావు అంగుళం పైన కొట్టండి. ఎండుపుల్లలు, పెన్సిల్ కన్నా సన్నని బలహీనపు కొమ్మలు, ఒకదానికొకటి రాసుకునేవి మొదలంటా తీసేయండి. చెట్టు మోడులా మిగిలిందని కంగారుపడకండి, అలాగే ఉండాలి.

కత్తెరకు పదును లేకపోతే కొమ్మ తెగదు, నలుగుతుంది. నలిగిన చోట బూజు చేరి కొమ్మ కొస నుంచి కిందికి ఎండుకుంటూ వస్తుంది. అందుకే కోతలకు కాపర్ ఆక్సీక్లోరైడ్ అనే బూజుమందు పొడిని నీళ్లతో ముద్దగా కలిపి పూయండి.

వారం ఆగి పాదు తవ్వండి. మొదలుకు అడుగు దూరంలో చుట్టూ గాడి తీసి, మాగిన పశువుల ఎరువు పది కిలోలు, సింగిల్ సూపర్ ఫాస్ఫేట్ 350 గ్రాములు, పొటాష్ 100 గ్రాములు, యూరియా 60 గ్రాములు వేసి, మట్టి కప్పి నిండుగా నీళ్లు పెట్టండి. ఇంతే యూరియా మళ్లీ జూన్, జూలైలో ఒకసారి చాలు. నెలనెలా వద్దు. కుండీలో ఉన్నవాళ్లు ఈ రసాయనాల జోలికి పోకండి, వేర్లు మాడతాయి. పన్నెండు అంగుళాల కుండీకి కిలో వర్మీకంపోస్టు, గుప్పెడు వేపపిండి సరిపోతాయి.

కొత్త చిగురు పసుపు తిరిగి, ఈనెలు మాత్రం పచ్చగా ఉంటే ఇనుము తక్కువైనట్టు. లీటరు నీటికి ఐదు గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్) కలిపి సాయంత్రం పూట పిచికారీ చేయండి. ఇంకో మాట: రోజుకు ఐదారు గంటలు ఎండ తగలని చోట ఉన్న మల్లెకు ఇవన్నీ చేసినా పూలు అంతంతే. సన్నజాజి ఉన్నవాళ్లు మాత్రం తొందరపడకండి, దానికి జనవరి చివర కత్తెర పెట్టాలి.

ప్రశ్న: పెరట్లో ఎనిమిదేళ్ల బంగినపల్లి ఉంది. కొమ్మలు డాబా మీదికి వాలాయి. ఇప్పుడే కొట్టించి, ఎరువు వేసి, నీళ్లు పెడితే బాగా కాస్తుందా?
– ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: మూడూ ఇప్పుడు, డిసెంబరులో, చేయకూడనివే. మామిడికి పూత ముదిరిన కొమ్మ కొసల నుంచి వస్తుంది. డిసెంబరులో కొసలు కొడితే ఆ ఏటి పూతను చేతులారా నరికేసినట్టే. కొట్టించడం కాయలు దిగాక, జూన్, జూలైల్లో. కరెంటు తీగకు తగిలే కొమ్మ ఒకటీ అరా ఉంటే అదొక్కటే తీయించండి.

నీళ్లు, నత్రజని ఇస్తే పూత రావాల్సిన మొగ్గ ఆకు ఇగురుగా మారిపోతుంది. ఎదిగిన చెట్టు కాబట్టి నీళ్లు ఇప్పుడే ఆపండి. పిందె బఠాణీ గింజంత అయ్యాక పది, పదిహేను రోజులకోసారి మొదలుపెట్టండి.

ఈలోగా పూతగెల మీద కన్నేసి ఉంచండి. కింది ఆకులు తేనె పూసినట్టు జిగటగా మెరుస్తుంటే తేనెమంచు పురుగు చేరినట్టు. పూత విచ్చకముందే లీటరుకు ఐదు మిల్లీలీటర్ల వేపనూనె, కాస్త సబ్బునీళ్లు కలిపి కొట్టండి. గెల మీద తెల్లపొడి కనిపిస్తే అది బూడిద తెగులు. లీటరుకు మూడు గ్రాముల నీటిలో కరిగే గంధకం వాడండి. నూనె, గంధకం పక్కపక్కనే పడితే ఆకు మాడుతుంది. రెంటికీ మధ్య కనీసం రెండు వారాలు ఎడం ఉండాలి. పూలు విచ్చుకున్నాక ఏ మందూ వద్దు. అప్పుడు చెట్టు మీద ముసిరే ఈగలే పిందె కట్టించేవి.

ప్రశ్న: కుండీలో కరివేపాకు చెట్టును ఇంట్లోకి తెచ్చిన నెలకే ఆకంతా రాల్చేసింది. చచ్చిపోయిందా?
– ఒక పాఠకురాలు, డాలస్

జవాబు: పారేయకండి. చలికి, వెలుతురు తగ్గినందుకు అది ఆకు రాల్చి నిద్రపోతుంది. కాండం మీద గోటితో కొంచెం గీరి చూడండి. బెరడు కింద పచ్చగా, తడిగా ఉంటే బతికే ఉంది. చలికాలంలో కరివేపాకును ఎక్కువగా చంపేది చలి కాదు, మనం పోసే నీళ్లు. ఆకు లేని చెట్టు నీళ్లు తాగదు, తడిమట్టిలో వేరు కుళ్లుతుంది. మట్టి రెండంగుళాల లోతు వరకు ఆరాకే కొద్దిగా పోయండి. ఎరువు అసలు వద్దు. దక్షిణం కిటికీ దగ్గర పెట్టండి, హీటర్ గాలి మాత్రం నేరుగా తగలనివ్వకండి.

చిగురు కనిపించాక కొసలు తుంచితే పక్క కొమ్మలు వస్తాయి. రాత్రి చలి 50 డిగ్రీల ఫారన్‌హీట్‌కు దిగడం ఆగాక బయట పెట్టండి. మొదటి వారం నీడలో, తర్వాత పొద్దుటి ఎండలో. నేరుగా నడి ఎండలో పెడితే లేత ఆకు ఒక్క రోజులో మాడిపోతుంది.