ప్లగ్ చూసి మోసపోకండి, మోటార్ చూడండి

గూడూరులో మీ తాతగారి మైకా ఆఫీసు సామాన్లలో కరెంటుతో నడిచే లెక్కల మిషన్ దొరికిందనీ, అడుగున రేకు మీద 115 అన్న అంకె తప్ప అంతా చెరిగిపోయిందనీ, ప్లగ్ మాత్రం మన మూడు పిన్నులదే కాబట్టి నేరుగా పెట్టొచ్చా అనీ అడిగారు. పెట్టొద్దన్నా. నేను పెట్టి కాల్చుకున్నా.

మాది కందుకూరు. మా మామయ్య పొగాకు వ్యాపారం మానేశాక గోడౌన్‌లో ఇలాంటిదే దొరికింది. సాకెట్లో పెట్టి ప్లస్ మీట నొక్కితే గుర్రుమని తెగ స్పీడుగా తిరిగింది, మూడో కూడికకే వార్నిష్ మాడిన వాసన, స్విచ్ తీసేలోపు పొగ. అప్పుడు మామయ్య తాపీగా "దానికి బల్ల కింద బరువైన ఇనప డబ్బా ఒకటుండేది రా, పాత సామాన్లోడికి వేసేశాం" అన్నాడు. ఆ డబ్బానే స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్, అంటే మన 230 వోల్టుల్ని 115కి తగ్గించేది. ప్లగ్ ఎవరో తర్వాత మార్చిందే, దాన్ని బట్టి ఏమీ తేల్చలేం.

115 అంటే చాలావరకు అమెరికా కరెంటు లెక్క, అక్కడ 60 సైకిల్స్ (హెర్ట్జ్, కరెంటు సెకనుకి ఎన్నిసార్లు అటూ ఇటూ మారుతుందో ఆ లెక్క), మనకు 230 వోల్టులు, 50 సైకిల్స్. ప్లగ్ పీకేసి మూత తీసి మోటార్ చూడండి. మిక్సీలో లాగా రెండు పక్కలా కార్బన్లు ఉంటే సైకిల్స్ గొడవ లేదు, వోల్టేజ్ తగ్గిస్తే చాలు. (ఆ కార్బన్లు ఆనే రాగి ముక్కల మధ్య సన్నటి పొరలు కనిపిస్తాయి, అది మైకానే, మీ ఊరి సరుకేనేమో!) కార్బన్లు లేకపోతే ఫ్యాన్ మోటార్ రకం, 60 సైకిల్స్‌కి చేసింది ఇక్కడ ఆరో వంతు నెమ్మదిగా తిరుగుతుంది, పైగా 115 ఇచ్చినా వేడెక్కుతుంది, దానికి 95 వోల్టుల దగ్గర ఇవ్వడం మేలు. మోటార్ మీద వేరే చిన్న రేకు ఉంటుంది, తడిగుడ్డతో తుడిచి టార్చి ఏటవాలుగా వేస్తే అంకెలు తేలతాయి. ఆంపియర్లు దొరికితే వోల్టులతో గుణించండి, 115 ఇంటూ 0.6 అంటే 69, కానీ స్టార్టింగ్‌లో ఎక్కువ లాగుతుంది కాబట్టి 200 వీఏ (వోల్టులు ఇంటూ ఆంపియర్లు) ట్రాన్స్‌ఫార్మర్ తీసుకోండి.

అన్నిటికంటే ముందు మోటార్‌ని చేత్తో తిప్పి చూడండి. పాత గ్రీజు బంకలాగా గట్టిపడి మిషన్ సగం లెక్కలో ఆగిపోయి ఉంటే మోటార్ స్విచ్ లోపల ఆన్‌లోనే ఉండిపోతుంది, ప్లగ్ పెట్టగానే తిరగలేక కాలుతుంది, వోల్టేజ్ కరెక్టయినా సరే. మొదటిసారి ట్రాన్స్‌ఫార్మర్‌కి వెళ్లే 230 వైర్లో 100 వాట్ల పాత ఫిలమెంట్ బల్బు సిరీస్‌లో, అంటే కరెంటు బల్బులోంచే వెళ్లేలా పెట్టి ఇవ్వండి, ఎల్ఈడీ పనికిరాదు. బల్బు ఫుల్లుగా వెలిగి మోటార్ కదలకపోతే లోపల షార్టో, బిగుసుకుపోవడమో, వెంటనే తీసేయండి.

నాది ఒంగోలులో మిక్సీ మోటార్లు చుట్టే ఆయనకిచ్చి ఏకంగా 230కే చుట్టించేశా. ఆ మూడు పిన్నుల ప్లగ్ ఇన్నాళ్లకు నిజం చెబుతోంది.