ముంత మసాలా పందెం

ప్రశ్న: నేను ఋషికొండలో నైట్ షిఫ్ట్ చేస్తాను. క్లయింట్లంతా అమెరికా వాళ్లే కాబట్టి మాకూ వాళ్ల ఫుట్‌బాల్ పిచ్చి పట్టింది (కాలితో ఆడేది కాదు, కోడిగుడ్డు ఆకారం బంతిది). నా జట్టు చచ్చీ చెడీ ఏడో సీడ్‌గా (అంటే ర్యాంకుల్లో ఆఖరి జట్టుగా) ప్లేఆఫ్స్‌కి, అదే ఓడితే ఇంటికెళ్లిపోయే నాకౌట్ మ్యాచ్‌లకి, వచ్చింది, ఇప్పుడు రెండో సీడ్ వాళ్ల ఊరెళ్లి ఆడాలి. మా టీమ్ లీడేమో "విమానం టికెట్లు దండగ" అంటున్నాడు. ఓడితే ఆర్కే బీచ్‌లో టీమ్ మొత్తానికీ ముంత మసాలా నాదే. మావాళ్లకి ఛాన్స్ ఉందా సార్?
- ఎం.వి.పి. కాలనీ పాఠకుడు

జవాబు: ఉంది. కానీ పర్సు దగ్గర పెట్టుకునే మ్యాచ్ చూడండి. అసలు ఏడో సీడ్‌కి తలుపు తెరిచిందే 2020 సీజన్‌లో, ఆ తలుపులోంచి వెళ్లిన మొదటి ఆరు జట్లూ ఓడి ఇంటికొచ్చాయి. మీ లీడ్ ఈ లెక్క తీస్తే మీరు 2024 జనవరి 14 సంగతి ఎత్తండి. డల్లాస్ కౌబాయ్స్ అప్పటికి సొంత మైదానంలో వరసగా 16 మ్యాచ్‌లు గెలిచి ఉన్నారు. ఏడో సీడ్ గ్రీన్ బే ప్యాకర్స్ వచ్చి, సగం ఆట కూడా అవకముందే 27-0 చేసి కూర్చున్నారు. చివరికి 48-32.

బాస్కెట్‌బాల్‌లోలా ఏడు మ్యాచ్‌ల సిరీస్ అయితే నేనూ మీ లీడ్ వైపే ఉండేవాణ్ణి. ఇక్కడ ఒక్కటే మ్యాచ్, మూడు గంటల్లో తేలిపోతుంది. అందుకని సీజన్‌లో ఎన్ని గెలిచారు అని వాదించుకోకుండా మ్యాచ్ ముందు వచ్చే గాయాల జాబితా చూడండి. అవతలి క్వార్టర్‌బ్యాక్ (బంతి విసిరి ఆట నడిపేవాడు) భుజం ఎలా ఉంది, అతనికి కాపు కాసే లైన్‌మన్లు అందరూ దిగుతున్నారా అన్నది తేలాకే పందెం పెంచండి.

ప్రశ్న: మా ఫ్రెండొకడు ఎప్పుడూ 2011 సియాటిల్ కథే చెబుతాడు. 7 గెలిచి 9 ఓడిన జట్టు, 11 గెలిచిన జట్టుని తన ఊరికి రప్పించుకోవడం ఏటండీ, ఇదేం న్యాయం?
- గాజువాక పాఠకుడు

జవాబు: న్యాయం కాదనే నా ఉద్దేశం కూడా. నాలుగేసి జట్లు ఒక డివిజన్, దాంట్లో ఫస్టొస్తే ఎన్ని ఓడినా సరే తొలి మ్యాచ్ సొంతూళ్లోనే, రూల్ అంతే. ఆ ఏడు సియాటిల్ డివిజన్‌లో అందరూ అంతంతమాత్రమే కాబట్టి సీహాక్స్ 7-9తోనే గట్టెక్కారు. అవతల న్యూ ఓర్లీన్స్ సెయింట్స్, అంతకుముందు ఏడాది ఛాంపియన్లు, పైగా నవంబర్‌లో ఇదే సియాటిల్‌ని 34-19తో ఓడించినవాళ్లు. కాకపోతే వాళ్లలో బంతి పట్టుకుని పరిగెత్తే ఆటగాళ్లిద్దరు గాయాలతో బయట కూర్చున్నారు, దాన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు.

జనవరి 8 మ్యాచ్ అది, మనకి తెల్లవారుజామున మూడింటికి మొదలైంది. ఆట ఆఖర్లో సియాటిల్ 34-30 మీద ముందుండగా వాళ్ల ఆటగాడు మార్షాన్ లించ్ బంతి పట్టుకుని 67 గజాలు పరిగెత్తాడు. పరుగంటే మామూలుది కాదు, ఒకడు నడుం పట్టుకుంటే విదిలించుకున్నాడు, ఇంకొకణ్ణి ఒంటిచేత్తో నేలకి తోసేశాడు. ఆ హోరుకి స్టేడియం దగ్గరున్న భూకంపాల యంత్రం కూడా కదిలింది. 41-36తో గెలిచారు. మీ ఫ్రెండ్ మాత్రం ఇక్కడితో కథ ఆపేస్తాడు చూడండి! మరుసటి వారం షికాగోలో 35-24తో ఓడారని మీరు గుర్తు చేయండి.

ప్రశ్న: ఈ మ్యాచ్‌ల పుణ్యమా అని మా ఆయన అర్ధరాత్రి అరుపులు. పిల్లకి పరీక్షలు. ఏం చెయ్యమంటారు?
- సీతమ్మధార పాఠకురాలు

జవాబు: ఆదివారం అక్కడ మధ్యాహ్నం ఒంటిగంటకి మొదలయ్యే మ్యాచ్ ఒకటుంటుందమ్మా, అది మనకి రాత్రి 11.30కే వచ్చేస్తుంది. ఆ ఒక్కటే చూడమనండి. మూడింటి మ్యాచే కావాలంటే హాల్లో టీవీ కట్టేసి, ఫోన్‌లో ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని బాల్కనీలోకి పొమ్మనండి. చిన్న జట్టు గెలిచేస్తున్నప్పుడు అరవకుండా ఉండటం ఎలాగో మాత్రం నన్నడక్కండి, మా ఇంట్లోనూ ఇదే గొడవ.