నచ్చిన గేమ్‌ని తిడితే మనకెందుకు మండుతుంది? (ఈ వారం మీ ప్రశ్నలు, అక్క జవాబులు)

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకటే బాధ, మాకిష్టమైన గేమ్‌ని ఎవరో ఉతికి ఆరేశారు, తట్టుకోలేకపోతున్నాం అని. అందుకే మిగతా ప్రశ్నలన్నీ పక్కన పెట్టి వీటికే జవాబులు రాస్తున్నా.

ప్రశ్న: అక్కా, నేను డిగ్రీ రెండో సంవత్సరం. జెల్డా బ్రెత్ ఆఫ్ ది వైల్డ్ మూడొందల గంటలకి పైనే ఆడాను, నా జీవితంలో నాకు బాగా నచ్చిన గేమ్ అదే. మొన్న ఒకాయన వీడియో చూశా, కత్తులు ఊరికే విరిగిపోతాయి, వాన పడితే కొండ ఎక్కలేం, ఇదంతా ఆడేవాడి టైమ్ వేస్ట్ చేయడానికే పెట్టారు అని గంటసేపు ఏకి పారేశాడు. ఆ రాత్రి నిద్ర పట్టలేదక్కా. తెల్లారేదాకా ఆయనకి రిప్లైలు రాస్తూనే ఉన్నా, వాటిలో కొన్ని బూతులు కూడా ఉన్నాయి, ఇప్పుడు చదువుకుంటే సిగ్గేస్తోంది. ఒక గేమ్ కోసం ఇంత కోపం రావడం మామూలేనా?

జవాబు: మామూలే తమ్ముడూ, ముందు ఆ సిగ్గు సంగతి పక్కన పెట్టు. సినిమాలో హీరో కొండ ఎక్కుతుంటే మనం కూర్చుని చూస్తాం, గేమ్‌లో ఎక్కేది మన బొటనవేలు, జారి పడేది కూడా మనమే. మూడొందల గంటలంటే రోజుకి మూడు గంటల లెక్కన వంద రోజులు. అలాంటిదాన్ని ఎవరైనా టైమ్ వేస్ట్ అంటే ఆ గేమ్ గురించి అన్నట్టు ఉండదు, నీ వంద రోజులూ వేస్ట్ అన్నట్టు చెవిన పడుతుంది. నీ కోపం అక్కడ పుట్టింది. కానీ ఆయన నిన్ను అనలేదు కదా, అసలు నువ్వెవరో కూడా ఆయనకి తెలీదు.

ఆ వాన గురించి నా అనుభవం ఒకటి చెప్తా. నేను మొదటిసారి ఆడుతున్నప్పుడు ఒక నిలువు కొండ ఎక్కుతున్నా, ఇంకా ఎంత ఓపిక మిగిలిందో చూపించే స్టామినా చక్రం తగ్గి తగ్గి ఎర్రగా అయిపోయింది, ఇంకో రెండు అడుగులు వేస్తే పైకి చేరతా, సరిగ్గా అప్పుడే చినుకులు మొదలయ్యాయి, చేయి జారింది, మళ్ళీ ఎక్కితే మళ్ళీ జారింది, కిందకి వచ్చి పడ్డాను. కంట్రోలర్ విసిరేయాలన్నంత కోపం వచ్చింది. రెండోసారి సగం దూరం ఎక్కాక ఒక రాతి చూరు కనిపించింది, దాని కిందకి దూరి, కట్టెలు పెట్టి చెకుముకిరాయితో మంట వేసి తెల్లారేదాకా హీరోని అక్కడే కూర్చోబెట్టాను. వాన ఆగింది, పైకి వెళ్ళాను, దూరంగా ఆ లోయంతా కనిపించింది. ఆ గేమ్ అనగానే ఇప్పటికీ నాకు మొదట గుర్తొచ్చేది ఆ చూరే. ఇప్పుడు చూడు, ఆయన్ని విసిగించిందీ వానే, నాకు మర్చిపోలేని రాత్రి ఇచ్చిందీ వానే. ఆయన అబద్ధం చెప్పట్లేదు, నేనూ చెప్పట్లేదు. రోజంతా పని చేసి వచ్చి ఒక గంట ఆడుకుందామని కూర్చున్న మనిషికి ఆ జారుడు నిజంగానే నరకం, అది మనం ఒప్పుకోవాలి.

కత్తుల సంగతీ అంతే. 2017 మార్చిలో ఆ గేమ్ వచ్చినప్పుడు అందరూ పదికి పది ఇస్తుంటే పేరున్న రివ్యూయర్ ఒకరు ఏడు ఇచ్చారు, కత్తులు విరగడమే వాళ్ళ పెద్ద ఫిర్యాదు. దాంతో, అందరి రివ్యూల మార్కులూ కలిపి వందకి సగటు చూపించే సైట్ మెటాక్రిటిక్‌లో ఆ సగటు 98 నుంచి 97కి దిగింది, ఒక్క పాయింట్! దానికే కొందరు ఆ రివ్యూయర్ సైట్ మీద దాడి చేసి కాసేపు తెరుచుకోకుండా చేశారు. అంతకుముందు 2013లో జీటీఏ 5 అనే గేమ్‌కి గేమ్‌స్పాట్ అనే రివ్యూల సైట్‌లో పదికి తొమ్మిది వచ్చింది. తొమ్మిది! అప్పుడు కూడా కింద ఇరవై వేలకి పైగా కామెంట్లు, ఆ రివ్యూ రాసినామెని ఉద్యోగంలోంచి తీసేయమని పిటిషన్ పెట్టారు. ఆ గేమ్‌ని పొగిడిన రివ్యూ అది, చాలావరకు పొగడ్తే, ఆడవాళ్ళ పాత్రలు రాసిన తీరు బాలేదని ఒక మాట అన్నందుకు ఇదంతా. ఇవి చదివినప్పుడల్లా నాకు నిజంగా బాధేస్తుంది, ఎందుకంటే ఆ తిట్టినవాళ్ళు కూడా నీలాగే ఆ గేమ్‌ని ప్రేమించినవాళ్ళే కదా.

నువ్వు జవాబు రాయొద్దని నేను అనట్లేదు, రాయి. కాకపోతే ఒక పూట ఆగి రాయి, నీకు ఆడటం రాదు, నువ్వు అమ్ముడుపోయావు లాంటివి మాత్రం రాయకు, వాటితో ఎవరి మనసూ మారదు. కత్తి విరగడం నీకెందుకు నచ్చిందో రాయి. విరిగే ముందు కత్తి మీద ఎర్రగా మెరవడం, ఆ ఆఖరి దెబ్బ మామూలు కంటే గట్టిగా తగలడం, వెంటనే చేతిలో ఏముంటే అది పట్టుకుని, కట్టెతోనో కుండమూతతోనో తిరగబడటం, అందులో ఉన్న మజా ఏంటో ఆయనకి కనిపించేలా రాయి. 2010 ఏప్రిల్‌లో రోజర్ ఈబర్ట్ అనే పెద్ద సినిమా విమర్శకుడు వీడియో గేమ్స్ ఎప్పటికీ కళ కాలేవు అని రాస్తే వేలమంది జవాబు రాశారు, వాటిలో తిట్లూ ఉన్నాయి, ఓపిగ్గా వివరించినవీ ఉన్నాయి. జూలైలో ఆయన మళ్ళీ రాశారు. అభిప్రాయం పూర్తిగా మార్చుకోలేదు గానీ, తను ఆడని వాటి గురించి ఆ మాట అనకుండా ఉండాల్సింది అని ఒప్పుకున్నారు. అలా ఒప్పించింది తిట్లు మాత్రం కాదనే నేను నమ్ముతాను.

ఇక ఆ బూతు రిప్లైలు తీసేయ్, వీలైతే ఆయనకి ఒక్క లైన్ సారీ పెట్టు.

ప్రశ్న: మేడమ్, మా అబ్బాయికి పద్నాలుగేళ్ళు. వాడు రోజూ ఆడే గేమ్ ఒకటుంది, పేరు నాకు నోరు తిరగదు. దాన్ని వాడి ఫ్రెండ్ చెత్త గేమ్ అన్నాడట, ఇంటర్నెట్‌లో కూడా అందరూ అదే అంటున్నారట, మూడు రోజుల నుంచి సరిగ్గా తినట్లేదు, ఫ్రెండ్‌తో మాట్లాడట్లేదు. గేమే కదరా అంటే నా మీద విరుచుకుపడుతున్నాడు. ఏం చేయాలి?

జవాబు: అమ్మా, ఆ గేమే కదరా అన్న మాట ఇంకోసారి అనకండి దయచేసి. వాడికి అది మూడో దెబ్బ, ఫ్రెండ్ అన్నాడు, లోకం అంది, ఇప్పుడు అమ్మ కూడా అంది. ఈ సాయంత్రం వాడి పక్కన ఒక అరగంట కూర్చుని, నీకు ఇందులో బాగా నచ్చిన చోటు ఏదో చూపించరా అని అడగండి. చూపిస్తాడు. మీకు ఒక్క ముక్క అర్థం కాకపోయినా పర్లేదు, చూడండి. అది అయ్యాక మెల్లిగా, ఇందులో నీకు నచ్చనిది ఏముంది అని అడగండి. గేమ్‌ని ప్రేమించేవాడికే దాని లోపాలు అందరికంటే బాగా తెలుసు, ఏ గేట్ దగ్గర ఇరుక్కుపోతుందో, ఏ లెవెల్ బోరో గడగడా చెప్పేస్తాడు. అలా తన నోటితో తనే చెప్పాక, ఇంకొకరు చెప్పినప్పుడు అంత గుచ్చుకోదు, నేను చూసిన పిల్లలందరిలో ఇదే చూశా.

వీలైతే నో మాన్స్ స్కై కథ కూడా వాడికి చెప్పండి. 2016 ఆగస్టులో వచ్చిన గేమ్ అది, చిన్న టీమ్ చేసింది, ముందు ఇంటర్వ్యూల్లో చెప్పినవి చాలా అందులో లేవు, జనం మామూలుగా తిట్టలేదు. ఆ టీమ్ వాళ్ళు చాలా రోజులు నోరు మూసుకుని పని చేసుకుంటూ కూర్చున్నారు, డబ్బులు అడక్కుండా అప్‌డేట్ తర్వాత అప్‌డేట్ ఇస్తూ పోయారు, 2018లో పెద్ద అప్‌డేట్‌తో అందరూ కలిసి ఆడుకునే వీలు కూడా సరిగ్గా వచ్చింది. కంప్యూటర్ గేమ్స్ అమ్మే స్టీమ్ అనే ఆన్‌లైన్ స్టోర్‌లో అట్టడుగున ఉన్న ఆ గేమ్ రేటింగ్ 2024 నాటికి వెరీ పాజిటివ్‌కి చేరింది. ఫైనల్ ఫాంటసీ 14 అయితే ఇంకా విచిత్రం, 2010లో వచ్చిన మొదటి రూపాన్ని జనం ఎంత తిట్టారంటే కంపెనీ క్షమాపణ చెప్పి, టీమ్‌ని మార్చి, 2012లో ఆ గేమ్‌నే ఆపేసి, 2013లో మళ్ళీ కొత్తగా కట్టింది. ఇవాళ అది ప్రపంచంలో పేరున్న ఆన్‌లైన్ గేమ్స్‌లో ఒకటి. ఆ తిట్లలో నిజం లేకపోతే, ఆ నిజాన్ని వాళ్ళు వినకపోతే ఇవేవీ జరిగేవి కాదు.

ఫ్రెండ్‌తో మాట్లాడటం వాడికే వదిలేయండి, ఆకలి తీరాక వాడే ఫోన్ చేస్తాడు.

ప్రశ్న: తక్కువ రేటింగ్ వస్తే గేమ్ చేసినవాళ్ళకి నష్టం కదా, అందుకే మా గ్రూప్ వాళ్ళం అందరం కలిసి మా గేమ్‌కి పదికి పది కొడుతున్నాం, తిట్టేవాళ్ళు సున్నాలు కొడుతుంటే మేం పదులు కొట్టడం తప్పా?

జవాబు: మీ భయం ఉత్తిదేం కాదు. ఫాలౌట్ న్యూ వెగాస్ చేసిన టీమ్‌కి మెటాక్రిటిక్‌లో 85 వస్తే బోనస్ అని ఒప్పందం ఉందట, వచ్చింది 84, బోనస్ పోయింది, ఆ టీమ్‌లో పెద్ద మనిషే 2012లో ఈ సంగతి బయట పెట్టారు. ఒక్క నంబర్‌కి అంత పవర్ ఉండటం నాకూ నచ్చదు. అయినా ఆడనివాళ్ళు కొట్టే సున్నా ఎంత అబద్ధమో, ఆడకముందే కొట్టే పది కూడా అంతే. ది లాస్ట్ ఆఫ్ అస్ పార్ట్ 2 వచ్చినప్పుడు 2020 జూన్‌లో ఇదే జరిగింది, పూర్తి చేయడానికి ఇరవై గంటల పైనే పట్టే గేమ్‌కి మొదటి కొన్ని గంటల్లోనే వేల సున్నాలు, వాటికి పోటీగా పదులు, చదివేవాడికి రెండూ పనికిరాలేదు. ఆ తర్వాతే మెటాక్రిటిక్, గేమ్ విడుదలయ్యాక 36 గంటలు ఆగితే గానీ యూజర్లు రివ్యూ రాయలేని రూల్ పెట్టింది.

అందరూ కలిసి చేస్తే తప్పే అని మాత్రం నేను అనను. 2024 మేలో హెల్‌డైవర్స్ 2 ఆడేవాళ్ళు, అంతవరకు ఆ గేమ్‌ని నెత్తిన పెట్టుకున్నవాళ్ళే, సోనీ వాళ్ళ ప్లేస్టేషన్ నెట్‌వర్క్ (పీఎస్ఎన్) అకౌంట్ తప్పనిసరి అనగానే రెండు లక్షలకి పైగా నెగెటివ్ రివ్యూలు రాశారు, ఆ అకౌంట్ దొరకని దేశాలవాళ్ళు అసలు ఆడలేకపోతారు అనేది వాళ్ళ పాయింట్, కొద్ది రోజుల్లోనే సోనీ వెనక్కి తగ్గింది. అక్కడ అడిగింది ఒక్కటే, అది స్పష్టంగా ఉంది, తిట్టింది ఒక నిర్ణయాన్ని, మనుషుల్ని కాదు. ఇంకా అందంగా చేసినవాళ్ళు మాస్ ఎఫెక్ట్ 3 ఫ్యాన్స్, 2012లో ఆ క్లైమాక్స్ నచ్చక, ఏ దారి ఎంచుకున్నా రంగు తప్ప పెద్ద తేడా లేదని చెప్పడానికి ఎరుపు, ఆకుపచ్చ, నీలం రంగుల్లో నాలుగొందల కప్‌కేకులు ఆ గేమ్ చేసిన బయోవేర్ ఆఫీసుకి పంపారు, రంగులే వేరు, రుచి మాత్రం అన్నిటికీ ఒకటే. అదే గొడవలో పిల్లల ఆసుపత్రులకి ఆటవస్తువులిచ్చే చైల్డ్స్ ప్లే సంస్థకి ఎనభై వేల డాలర్లు పోగు చేశారు. జూన్‌లో బయోవేర్ ఆ ముగింపుని పొడిగించి ఉచితంగా ఇచ్చింది. మీ గ్రూప్‌లో ఇంతమంది ఉన్నారు కదా, పదులు కొట్టే బదులు తలా ఒక నిజమైన రివ్యూ రాయండి, బాగున్నది బాగుందని, లేనిది లేదని.

ప్రశ్న: అక్కా, నేను ఒక సిరీస్‌కి పన్నెండేళ్ళుగా ఫ్యాన్‌ని. కొత్త భాగం నాకు అస్సలు నచ్చలేదు, ఎందుకు నచ్చలేదో పెద్ద రివ్యూ రాశాను. అప్పటి నుంచి నువ్వు అసలు ఫ్యానే కాదు, ఆడపిల్లవి నీకేం తెలుసు అని మెసేజ్‌లు, ఇద్దరైతే ఇంటికొచ్చి కొడతాం అన్నారు. రివ్యూ తీసేసి ఇక రాయడం మానేద్దామనుకుంటున్నా.

జవాబు: తీసేయకమ్మా. ముందు ఆ ఇద్దరి మెసేజ్‌లు పేరు, తేదీ కనిపించేలా స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకో, ఆ తర్వాతే రిపోర్ట్ చేసి బ్లాక్ చెయ్యి, ఇంట్లో పెద్దవాళ్ళకి ఈరోజే చెప్పు, ఇంటికొస్తాం అన్న మాటని తేలిగ్గా తీసుకోకుండా పోలీసులకి కంప్లయింట్ ఇవ్వు. వాళ్ళకి జవాబు మాత్రం ఒక్క అక్షరం రాయకు. నీ తప్పేం లేదు. ఎందుకు చెప్తున్నానంటే, ఇలాంటివి వచ్చినప్పుడు నిజంగానే నేనేమైనా తప్పు రాశానా అని రాత్రిళ్ళు తిరగేసి చదువుకుంటాం, నాకు తెలుసు.

సైబర్‌పంక్ 2077 అనే గేమ్ సంగతి చూడు. 2020 డిసెంబర్‌లో విడుదలకి ముందే ఒక రివ్యూయర్ పదికి ఏడు ఇస్తే ఆమెని నానా మాటలు అన్నారు. ఇంకొకామె, గేమ్‌లో ఒక చోట మెరిసే లైట్ల వల్ల తనకి ఫిట్స్ వచ్చాయి, అలాంటి జబ్బు ఉన్నవాళ్ళు జాగ్రత్త అని రాస్తే, కావాలని ఆమెకే ఫిట్స్ తెప్పించే వీడియోలు పంపారు, ఇది తలుచుకుంటే నాకు ఇప్పటికీ చేతులు వణుకుతాయి. ఆమె రాసింది ఆడేవాళ్ళ మంచికే, కంపెనీ కూడా వెంటనే ఆ లైట్లు సరిచేసింది. విడుదలైన వారానికల్లా పాత కన్సోళ్ళలో (టీవీకి పెట్టుకుని ఆడే గేమ్ మెషీన్లలో) ఆ గేమ్ ఎంత ఘోరంగా ఉందో అందరికీ తెలిసిపోయింది, సోనీ తన స్టోర్‌లోంచే తీసేసింది, 2021 జూన్ దాకా మళ్ళీ పెట్టలేదు. మూడేళ్ళు మరమ్మతు చేసి 2023లో 2.0 అప్‌డేట్ ఇచ్చాకే ఆ గేమ్ మళ్ళీ నిలబడింది.

ఫ్యాన్ కాదు అన్నవాళ్ళ మాట అసలు పట్టించుకోకు. పన్నెండేళ్ళు ఆడినదానివి, ముందు భాగాల్లో ఎలా ఉండేదో ఇప్పుడు ఏం పోయిందో నీకంటే బాగా ఎవరు చెప్తారు? నీ రివ్యూ ఉత్తరంతో పాటు పంపావు కదా, మొత్తం చదివాను. కత్తి దెబ్బ తగిలినప్పుడు ముందు భాగాల్లో ఒక్క క్షణం ఆగినట్టు ఉండేది, ఇప్పుడు గాలిలో ఊపినట్టుంది అని రాశావు చూడు, ఆ ఒక్క పేరా చదివి నేను రెండు భాగాలూ పక్కపక్కన పెట్టి ఆడి చూశా, నిజమే. కథ గురించి నువ్వన్నదాంతో మాత్రం నేను ఒప్పుకోను, చెల్లెలి పాత్ర నాకు చాలా నచ్చింది, ఎందుకో రాసి పంపుతా, నువ్వు ఒప్పుకోకపోతే తిరిగి రాయి, వచ్చే సంచికలో రెండూ పక్కపక్కనే వేద్దాం.