అంగన్‌వాడీ కట్టే ముందు నేల సంగతి తేల్చుకోండి

మీ ఊళ్లో కొత్త అంగన్‌వాడీ ప్లాను మీద గ్రామస్థుల సలహా అడుగుతున్నారు, పిల్లల కోసం ఏమి చెప్పాలి అని మీరడిగారు. ఒంగోలు చుట్టుపక్కల ఇరవై ఏళ్లు సైటు సూపర్‌వైజరుగా చేశాను. నన్నడిగితే గోడల మీద బొమ్మల మాట తర్వాత, ముందు నేల.

చీమకుర్తి మనకు దగ్గరే. నల్లరాతిలో చుక్కలు మెరిసే గెలాక్సీ గ్రానైటు దేశదేశాలకు వెళ్లేది అక్కడి నుంచే. దాతలు ఊరికే ఇస్తామంటారు కూడా. మేము కట్టిన ఒక అంగన్‌వాడీ వరండాలో అలా వచ్చిన పాలిష్ రాయే పరిచాం. ప్రారంభోత్సవం రోజు అద్దంలా ఉందని అందరూ మెచ్చుకుంటే నేనూ మురిసిపోయాను. మొదటి వానజల్లుకే ఇద్దరు పిల్లలు జారిపడ్డారు, ఒకడికి గడ్డం చిట్లింది. ఎండాకాలం ఇంకో తంటా. పడమటి ఎండకు రాయి పెనంలా కాలేది. చెప్పులు కింద విప్పిన పిల్లలు గుమ్మం దాకా మునివేళ్ల మీద పరుగు తీసేవారు. టీచరమ్మ గోనెసంచులు తడిపి పరిచేవారు. మంటతో గరుకు చేసిన రాయి కూడా దొరుకుతుంది, అడగాలని నాకే తోచలేదు. ఎండ పడే చోట మాత్రం అది కూడా వద్దు, లేత రంగు సిమెంటు గచ్చు చాలు.

మూడేళ్ల పిల్ల ఎత్తు మూడడుగులకు కాస్త అటూ ఇటూ. మామూలుగా కిటికీ గట్టు పెట్టేదీ అంత ఎత్తునే, ఇక ఆ పిల్లకు కనిపించేది గోడే. ఒక్క కిటికీనైనా అడుగున్నరకు దించమనండి. ఊచలు నిలువుగా ఉండాలి, అడ్డఊచలు పిల్లలకు నిచ్చెన. సందు నాలుగు అంగుళాలు దాటితే తల ఇరుక్కుంటుంది. మరుగుదొడ్డి గొళ్లెం బయటి నుంచీ తీయగలిగేలా ఉండాలి. మీది కనిగిరి వైపైతే బోరునీళ్లలో ఫ్లోరైడు బాధ ఉంటుంది, తాగే కుళాయి వేరే పెట్టించండి.

వంటగది దగ్గర మాత్రం ఎవరేమన్నా తగ్గకండి. 2004 జులై 16న తమిళనాడులోని కుంభకోణం అనే ఊరి బడిలో వంటింటి మంట పూరికప్పుకు అంటుకుని 94 మంది పిల్లలు చనిపోయారు. పొయ్యి పిల్లల గదికి దూరంగా ఉండాలి, ఆ గదికి రెండో గుమ్మం తప్పనిసరి.

మా వరండా సంగతంటారా? రోళ్లకు కక్కు కొట్టే ఆయనను పిలిపించి రాయంతా గరుకు చేయించాను. మెరుపు పోయింది. రాయి ఇచ్చిన పెద్దమనిషి ఇప్పటికీ నాతో సరిగ్గా మాట్లాడరు.