పొగ వస్తుందని రెయినియర్ ప్రయాణం మానుకోవాలా?

సందేహం: ఈ మధ్యే సియాటిల్ దగ్గర బాతెల్‌కి వచ్చాం. ఆగస్టులో అమ్మానాన్నలు వస్తున్నారు. మౌంట్ రెయినియర్, లేక్ చెలాన్ బుక్ చేశాం. కార్చిచ్చు పొగ కమ్మేస్తుందని ఆఫీసులో భయపెడుతున్నారు. నాన్నగారికి ఆయాసం. రద్దు చేసుకోమంటారా?

జవాబు: అప్పుడే వద్దు. పొగ గాలివాటం సరుకు. కొన్నేళ్లు పెద్దగా తెలియదు, 2020 సెప్టెంబరులోలా వస్తే వారమైనా వదలదు. 2022లో అయితే సెప్టెంబరులో అంటుకున్న బోల్ట్ క్రీక్ కార్చిచ్చు ఆరక, ఇక వానలే అనుకుంటున్న అక్టోబరులో పొగ కమ్మి, రెండు మూడు రోజులు ప్రపంచంలోని పెద్ద నగరాల్లో సియాటిల్ గాలే అధ్వాన్నం అనిపించుకుంది. ఇప్పట్నుంచే ఊహించి లాభం లేదు. బయల్దేరే ముందు రెండ్రోజులు చూసుకోండి.

గాలి నాణ్యత చెప్పే ఇక్కడి ప్రభుత్వ సైటు ఎయిర్‌నౌ వాళ్ల ‘ఫైర్ అండ్ స్మోక్ మ్యాప్’ చూడండి. ప్రభుత్వ యంత్రాలతోపాటు జనం ఇళ్ల దగ్గర పెట్టుకున్న సెన్సర్లూ అందులో కనిపిస్తాయి. ఏక్యూఐ (గాలి నాణ్యత సూచీ) 150 అని చూపిస్తే, “ఓస్, హైదరాబాదులో ఎన్నిసార్లు చూశాం!” అంటారు నాన్నగారు. రెండు దేశాల లెక్కలూ ఒకటి కావు. ఘనపు మీటరు గాలిలో పీఎం 2.5 అనే అతి సన్నని ధూళి 60 మైక్రోగ్రాములుంటే మన సూచీ 100 దగ్గర ఆగి ‘సంతృప్తికరం’ అంటుంది. అదే గాలికి ఇక్కడి సూచీ 150 దాటి ఎరుపెక్కుతుంది. ఆయనకి ఇక్కడి సూచీ 100 దాటగానే నడక వద్దు. 150 దాటితే మీరూ పిల్లలూ కూడా ట్రెయిల్ మాటెత్తకండి.

లేక్ చెలాన్ ఉన్నది క్యాస్కేడ్ కొండలకి తూర్పున, మంటలు ఎక్కువ అటే. అందుకని అదే తేదీలకి సముద్రం ఒడ్డున ఉన్న ఓషన్ షోర్స్ వైపు, ఉచితంగా రద్దయ్యే గది ఒకటి పట్టి ఉంచండి. సముద్రం మీంచి గాలి వీచినన్నాళ్లూ అక్కడ హాయి. తూర్పుగాలి తిరిగితే మాత్రం అక్కడికీ వస్తుంది. ప్రభుత్వ బుకింగ్ సైటు రిక్రియేషన్ డాట్ గవ్‌లో తీసుకున్న క్యాంప్‌గ్రౌండ్ మూసేస్తే డబ్బు వెనక్కిస్తారు. మూయకుండా పొగ మాత్రమే ఉంటే మామూలు రద్దు నిబంధనలే, కోత తప్పదు.

ఇక ఇల్లు. ఇక్కడ పాత అపార్ట్‌మెంట్లు చాలావాటిలో ఏసీ ఉండదు, తలుపులేసుకుంటే ఉక్క. గాలిని వడగట్టే పెట్టె ఇంట్లోనే చేసుకోవచ్చు. జులైలోనే 20 అంగుళాల బాక్స్ ఫ్యాన్, అదే కొలత మెర్వ్ 13 (సన్నని ధూళిని పట్టే రకం) ఫిల్టర్లు నాలుగు, డక్ట్ టేపు కొనిపెట్టుకోండి. పొగ మొదలయ్యాక షాపుల్లో అరలు ఖాళీ. నాలుగు ఫిల్టర్లనూ చదరంగా నిలబెట్టి, అడుగున అట్ట, పైన గాలి పైకి కొట్టేలా ఫ్యాన్ పెట్టి సందుల్లేకుండా టేపు వేయాలి. ఫిల్టరు మీది బాణం గుర్తు లోపలివైపు ఉండాలి, తిరగేసి పెట్టేవాళ్లే ఎక్కువ. నాన్నగారు పడుకునే గదిలో ఉంచండి. బయటికి తప్పనిసరైతే ఎన్95 మాస్కే, గుడ్డవి పనికిరావు. కార్లో గాలి లోపలే తిరిగే బటన్ నొక్కండి.

అమ్మగారికి చెప్పడమే కష్టం: పొగ ఉన్న ఆ నాలుగు రోజులూ వేపుళ్లు, అగరొత్తులు బంద్. లోపలి పొగ పోవడానికి చిమ్నీ వేస్తే, ఆ ఖాళీలోకి బయటి పొగే వస్తుంది. పప్పు, పులుసుతో గడిపేయండి.

ఇన్‌హేలర్లు మాత్రం ఉన్నన్నాళ్లకీ సరిపడా, డాక్టరు చీటీతో సహా అక్కణ్నుంచే తెచ్చుకోమనండి. పాత జబ్బులకి విజిటర్ ఇన్సూరెన్సులు చాలావరకు చేతులెత్తేస్తాయి.