గార్డు కోసం చీటీ పాడేసుకోమంటారా?

గజపతినగరం దగ్గర చిన్న ఫర్నిచర్ షెడ్డు నడుపుతున్న ఒకాయన అడిగారు. టేబుల్ సాకి, అంటే బల్ల రంపం మిషన్ కి, బ్లేడు మీద మూతలా పైనుంచి వేలాడే గార్డుకి 35,000, పొట్టు లాగే డస్ట్ కలెక్టర్ కి 55,000 కొటేషన్ వచ్చిందట. ఇంటి ఖర్చుకి పక్కన పెట్టింది కాక చేతిలో 40,000 ఉంది, 2 లక్షల చీటీ ఐదో నెల నడుస్తోంది, పాడేసుకోనా, బంగారం పెట్టనా, అసలు ఇప్పుడే కొనాలా అని.

కొనాలండి, గార్డు అయితే ఈ నెలలోనే. మీరే రాశారు కదా, మిషన్ తో వచ్చిన గార్డు గాడి కొట్టేటప్పుడు విప్పాల్సిందే, విప్పాక మళ్ళీ ఎవరూ బిగించట్లేదు, మూల పడుంది అని. పైన ఆర్మ్ కి వేలాడేదైతే గాడి కొట్టినా తియ్యక్కర్లేదు, అందుకని ఎప్పుడూ బ్లేడు మీదే ఉంటుంది. మీ ఇంటికి వచ్చే ప్రతి రూపాయీ మీ చేతుల మీదుగానే వస్తోంది, కాబట్టి ఉన్న 40లోంచి 35 దీనికి పెట్టడానికి ఆలోచించకండి. కొనేముందు ఆర్మ్ చివర పట్టుకుని పక్కకి ఊపి చూడండి, ఊగిందంటే వద్దు, గార్డు బ్లేడుకి తగులుతుంది. సీలింగ్ కి బిగించే రకం మీ రేకుల షెడ్డుకి కుదరదు, టేబుల్ కి బిగించేదే తీసుకోండి, కాకపోతే 8x4 ప్లై షీటు కోసేటప్పుడు ఆ స్తంభం అడ్డొస్తుందేమో కొలుచుకోండి. ఇంకోటి, బ్లేడు వెనకాల ఉండే రైవింగ్ నైఫ్ మాత్రం తియ్యొద్దు, చెక్క వెనక్కి తన్నకుండా ఆపేది అది, ఆ పని పైన గార్డు చెయ్యదు.

ఇక చీటీ. ఐదో నెలలో 45,000 తగ్గించి పాడితే చేతికి 1,55,000 వస్తుంది, మీకు కావాల్సింది డస్ట్ కలెక్టర్ కి 55, మిగతా లక్ష ఏదో ఒక ఖర్చుకి కరిగిపోతుంది, పోయిన 45 మాత్రం పోయినట్టే. వద్దు. బంగారం కూడా కదపకండి. వడ్రంగులకి పీఎం విశ్వకర్మ ఉంది, 2023 సెప్టెంబరు 17న మొదలైన పథకం, కామన్ సర్వీస్ సెంటర్లో రిజిస్టర్ అయి ఆ చిన్న ట్రైనింగ్ చేస్తే మొదటి విడత లక్ష దాకా 5 శాతం వడ్డీకి తాకట్టు లేకుండా ఇస్తారు, 18 నెలల్లో కట్టాలి. 55,000 మాత్రమే తీసుకుంటే నెలకి 3,200 లోపే పడుతుంది, మొత్తం వడ్డీ 2,200 దాకా, ఇప్పుడు దీన్ని చీటీలో పోయే 45తో పోల్చి చూడండి. పనిముట్లకి 15,000 వోచర్ వేరే. ఇంట్లో ఒక్కరికే ఇస్తారు, గత ఐదేళ్ళలో తీసుకున్న ముద్ర లోను ఇంకా బాకీ ఉంటే రాదు.

లోను వచ్చి కలెక్టర్ కొనేదాకా మీరూ, షెడ్డులో పనిచేసే కుర్రాళ్ళిద్దరూ ఎన్95 మాస్కు పెట్టుకోండి, మరీ ముఖ్యంగా చెక్క పీచు నొక్కి చేసే ఎండీఎఫ్ బోర్డు కోసేటప్పుడు. చెక్క పొట్టుని ప్రపంచ ఆరోగ్య సంస్థకి చెందిన ఐఏఆర్‌సీ క్యాన్సర్ తెచ్చే వాటిలో గ్రూప్ 1లో పెట్టింది, ముక్కు లోపల వచ్చే క్యాన్సర్ అది. కలెక్టర్ కొనేటప్పుడు హార్స్ పవర్ ఒక్కటే చూడకండి, ఫిల్టర్ ఎన్ని మైక్రాన్లో అడగండి, 30 మైక్రాన్ల గుడ్డ సంచి అయితే కంటికి కనపడని సన్న పొడి మళ్ళీ షెడ్డులోకే వస్తుంది, 1 మైక్రాన్ ది కావాలి. మిషన్ కింద 4 అంగుళాల పైపు, పైన గార్డుకి రెండున్నర అంగుళాలది, రెండూ పెట్టాలి. అంచు నుంచి సన్న ముక్క కోసినప్పుడు మాత్రం గార్డు ఒక పక్క తెరుచుకున్నట్టే ఉంటుంది, పొట్టు కొంత బయటికి కొడుతుంది, కలెక్టర్ ఉందని అప్పుడు మాస్కు తీసెయ్యొద్దు. సా, కలెక్టర్ ఒకేసారి తిరగాలి కాబట్టి ఈపీడీసీఎల్ కరెంటు మీటరు లోడు సరిపోతుందో లేదో ముందే కనుక్కుని, పెంచాల్సి వస్తే ఆ డబ్బు కూడా లోనులోనే కలిపి అడగండి.

ఇన్సూరెన్స్ సంగతి మీరు అడగలేదు గానీ చెప్తాను. ఏడాదికి 20 రూపాయల సురక్ష బీమా ఉంది కదా అనుకోవద్దు, అందులో ప్రాణమో, చెయ్యో, కాలో, కన్నో పోతేనే డబ్బు, వేలు పోతే ఏమీ రాదు. వేళ్ళకి కూడా ఇంత శాతం అని రాసి ఉన్న పర్సనల్ యాక్సిడెంట్ పాలసీ మీకోటి, కుర్రాళ్ళకి చెరోటి తీసుకోండి, పని లేని వారాలకి కూడా డబ్బిచ్చే క్లాజు ఉందేమో చూసి మరీ సంతకం పెట్టండి.