మొహాల్లో అంత ఏముందంటే

ప్రశ్న: అన్నా, మాది కావలి. కొన్నేళ్ళుగా కెమెరా వాడతా ఉన్నా. మైపాడులో సూర్యోదయాలు, నేలపట్టులో పక్షులు బాగానే వస్తాయి, మనుషుల్ని తీయాలంటే మాత్రం చెయ్యి రాదు. అడగాలంటే మొహమాటం, అడక్కుండా తీస్తే తిడతారని భయం. మీరేమో ఎప్పుడూ మొహాలు తీయండి మొహాలు తీయండి అంటారు, అసలు అందులో అంత ఏముంది?

జవాబు: తమ్ముడూ, సూర్యుడికి నువ్వు తీస్తున్న సంగతే తెలీదు. మనిషికి తెలుస్తుంది. కెమెరా ఎత్తగానే బిగుసుకుపోతాడు, పెదాలు మూసేస్తాడు, చొక్కా సర్దుకుంటాడు, ఇంక అక్కడి నుంచి నీతో మాట్లాడతా మాట్లాడతా నువ్వున్న సంగతి మర్చిపోకుండానే నిదానంగా మామూలు మనిషైపోతాడు చూడు, ఆ మార్పుని రెండు మూడు అడుగుల దూరం నుంచి చూడటం ఉందే, నాకు ఇన్నేళ్ళయినా మొహం మొత్తలేదు.

టంగుటూరు వైపు ఒక పొగాకు బ్యారన్ దగ్గర, అదే ఆకు కాల్చే కొట్టం దగ్గర జరిగింది చెప్తా. షెడ్డు కింద ఆడవాళ్ళు పచ్చాకు కర్రలకి కడతా ఉన్నారు, అందులో ఒక పెద్దమ్మని ఫోటో తీసుకుంటానమ్మా అని అడిగితే సరేనంది గానీ వెంటనే చేతులు కొంగు కింద దాచేసింది. పచ్చాకు జిగురుకి వేళ్ళన్నీ నల్లగా అయిపోయుంటాయి గదా, అందుకు. నేను కెమెరా ఒళ్ళో పెట్టేసి, ఆకు కోతకొచ్చిందని ఎట్టా తెలుస్తుందమ్మా అని అడిగా. అంతే, ఆమె పంతులమ్మ అయిపోయింది! కింది ఆకులు ముందు పండుతాయి, అవి కోసినాకే పైవి, ఒకేసారి కోస్తే సగం పచ్చిదే వస్తది అని చెప్తా చెప్తా ఒక ఆకు తీసి వెలుతురుకి పెట్టి ఈనె చూపించింది. అప్పుడు ఆ నల్లటి వేళ్ళు మొహం పక్కనే ఉన్నాయి, ఒక కనుబొమ్మ పైకి లేచింది, షెడ్డు ముందు నుంచి వచ్చే వెలుతురు రెండు కళ్ళలోనూ చిన్న తెల్ల చుక్కలాగా పడింది. అప్పుడు తీశా. తనకి బాగా తెలిసిన పని గురించి చెప్పేటప్పుడు మనిషి మొహంలో ఒక దర్జా వస్తుంది తమ్ముడూ, అది మనం పెట్టమంటే పెట్టేది కాదు.

అందుకే ఫలానా లెన్సు కొను అని ముందే చెప్పను, ముందు పని గురించి అడగడం నేర్చుకో. ఉదయగిరిలో చెక్క గరిటెలు చెక్కే వాళ్ళని అడుగు, వెంకటగిరిలో మగ్గం మీద ఉన్నాయన్ని అడుగు, కొత్తపట్నంలో వల బాగుచేసుకునే వాళ్ళని అడుగు. ఫోటో పిచ్చి పట్టడం మొదలైన 1840ల్లో అయితే కదలకుండా చాలాసేపు కూర్చోవాల్సి వచ్చేది, తల కదలకుండా మెడ వెనకాల ఇనప స్టాండు పెట్టేవాళ్ళు, ఇంక మాటలెక్కడివి. ఇప్పుడు మనకి సెకనులో 200వ వంతు చాలు, మిగతా టైమంతా మాట్లాడుకోవడానికే ఉంది.

కొందరు రెచ్చగొట్టి తీయాలంటారు, 1941లో కెనడాలోని ఒటావాలో కార్ష్ అనే ఫోటోగ్రాఫర్ చర్చిల్ నోట్లో చుట్ట లాగేసి ఆ కోపాన్ని తీసిన ఫోటో గురించి చెప్తారు. అది గొప్ప ఫోటోనే, నేను కాదనను. కానీ ఆయన దేశాన్నేలే ప్రధానమంత్రి, తట్టుకుంటాడు, కూలి పని మధ్యలో ఆపి మనకి కాసేపు ఇచ్చిన మనిషితో ఆ పని చేయడం నాకు అస్సలు ఇష్టం లేదు. నాకు నచ్చేది లాలా దీన్‌దయాళ్ పద్ధతి. ఆరో నిజాం దగ్గర ఫోటోగ్రాఫర్‌గా ఉన్నాయన, పరదా పాటించే ఆడవాళ్ళ కోసం 1892లో హైదరాబాదులో విడిగా జనానా స్టూడియో పెట్టాడు, అక్కడ ఫోటోలు తీసే బాధ్యత ఒక దొరసానికి అప్పజెప్పాడు. ఎదుటి మనిషికి ఏది ఇబ్బందో ముందే ఆలోచించాడు చూడు.

అడగడానికి సిగ్గంటావా, ఒక్క మాట చాలు, అన్నా ఫోటో తీసుకోనా అని. వద్దంటే నవ్వి వచ్చేయ్, అంతే. రొట్టెల పండగప్పుడు నెల్లూరు స్వర్ణాల చెరువులో చూడు, ఉద్యోగం రొట్టె, పెళ్ళి రొట్టె, సంతానం రొట్టె అని నీళ్ళలో నిలబడి పట్టుకునే వాళ్ళ మొహాల్లో ఎంత ఆశ ఉంటుందో. ఆడ మాత్రం మొక్కుకునేటప్పుడు మీదకి పోవద్దు, రొట్టె మార్చుకుని గట్టుకొచ్చినాక అడుగు, చాలామంది సంతోషంగా నిలబడతారు. తీసినాక ఒక 4×6 ప్రింటు వేయించి ఇచ్చిరా. ఫోన్లో పంపితే పై మెసేజ్‌లు వచ్చి కిందకి పోతుంది, ప్రింటు అయితే గోడకెక్కుతుంది, ఇంకోసారి ఆ వీధిలోకి పోతే ఇంట్లోకి పిలిచి మిగతా వాళ్ళని కూడా తీయమంటారు.

ప్రశ్న: మాది ఒంగోలు సార్. మా పాపని ఫోన్‌తో దగ్గరగా తీస్తే ముక్కు పెద్దదిగా, చెవులు లోపలికి పోయినట్టు వస్తా ఉంది. మంచి ఫోన్ కొనాలా?

జవాబు: కొనొద్దమ్మా. అది ఫోన్ తప్పు కాదు, దూరం వల్ల వచ్చేది. ముక్కు కొసకీ చెవికీ మధ్య నాలుగైదు అంగుళాలు ఉంటుంది అనుకోండి, మీరు అడుగు దూరం నుంచి తీస్తే ఆ తేడా చాలా ఎక్కువ, అందుకే దగ్గరున్న ముక్కు ఉబ్బుతుంది. ఐదారు అడుగులు వెనక్కి పోయి 2ఎక్స్ జూమ్ నొక్కి తీయండి, మొహం మీరు రోజూ చూసే మాదిరి వస్తుంది. కెమెరా వాళ్ళు 85 ఎంఎం లెన్సు వాడేది కూడా అందుకే, అంత దూరం నుంచి కూడా మొహం ఫ్రేము నిండా వస్తుంది. మధ్యాహ్నం ఎండలో నిలబెట్టొద్దు, కళ్ళ కింద గుంటలు నల్లగా పడతాయి. గుమ్మం లోపల, బయటకి చూసేట్టు నిలబెట్టండి, అంతే చాలు. వెనకంతా మసకగా చేసే పోర్ట్రెయిట్ మోడ్ పెడితే జూకాలు, మల్లెపూల అంచులు కూడా చెరిపేస్తా ఉంటుంది ఒక్కోసారి, అది చూసుకోండి.

ప్రశ్న: మాది మార్కాపురం. నాయనమ్మ ఫోటో పెద్దది చేయించి ఫ్రేము కట్టించాలని స్టూడియోకి ఇస్తే ముడతలన్నీ తీసేసి రంగు కూడా తెల్లగా చేసి చూపించారు, ఇంట్లో సగం మందికి అదే నచ్చింది. నాకేమో ఆమె కాదనిపిస్తా ఉంది. ఏం చేయమంటారు?

జవాబు: మీకనిపించిందే కరెక్టు, గట్టిగా పట్టుబట్టండి. ఆ ముడతలు ఆమె ఎండలో చేసిన పని, నవ్విన నవ్వులు, అవి తీసేస్తే మిగిలేది ఎవరి మొహమైనా కావచ్చు. రంగు సంగతైతే నాకు నిజంగా కోపం వస్తుంది, మన ఊళ్ళల్లో మనుషులు చామనఛాయ, నలుపు, ఆ చర్మం మీద సాయంత్రం వెలుతురు పడితే ఎంత అందంగా మెరుస్తుందో దాన్ని పౌడరు పూసిన మాదిరి చేసేస్తారు, ఎందుకో అర్థం కాదు. స్టూడియోలో ఒరిజినల్ ఫైలు అడిగి తీసుకోండి, రంగు ముట్టుకోవద్దు, మచ్చ కూడా తీయొద్దు, మొహం చీకటిగా ఉంటే వెలుతురు మాత్రం కొంచెం పెంచండి అని చెప్పండి, మ్యాట్ పేపరు మీద వేయించండి, మెరిసే పేపరైతే కిటికీ వెలుతురు పడి మొహమే కనపడదు.

నాయనమ్మ ఉన్నారో లేదో మీరు రాయలేదు. ఉంటే మాత్రం ముందు ఆమెకే రెండూ చూపించి ఏది కట్టించమంటారో అడగండి.